వీర్యం ట్యూబు మీద తేదీ చాలదు, గంట కూడా రాయండి: వీర్య కేంద్రాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

ఆబోతుల వీర్యాన్ని సేకరించి, చల్లబరిచి, పాడి రైతులకు చేరేలా పంపుతున్న కేంద్రాల నిర్వాహకులకు, ఆ కేంద్రాలను పర్యవేక్షించే పశుసంవర్ధక అధికారులకు, ప్రమాణాలు నిర్ణయించే శాస్త్రవేత్తలకు,

నమస్కారం.

మేము ఆవులకు కృత్రిమ గర్భధారణ చేసేవాళ్లం. మీరు పంపిన ట్యూబును రైతు పశువుల కొట్టం దాకా మోసుకెళ్లేది మేమే. మూడు వారాలకు ఆవు మళ్లీ ఎదకు వస్తే ఆ రైతుకు సమాధానం చెప్పుకోవలసిందీ మేమే. చల్లబరిచి నిల్వ చేసిన వీర్యంతో చూడి నిలవడం తగ్గుతోందని, సేకరించి రెండు రోజులు దాటిన ట్యూబులతో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తోందని మాకు వీర్యం అందించే కేంద్రానికి రాతపూర్వకంగా తెలియజేశాం. బయలుదేరినప్పుడు వీర్యకణాల కదలిక సంతృప్తికరంగానే ఉందని, లోపం మా దగ్గరే ఉండి ఉంటుందని జవాబు వచ్చింది. లోపం మా పనిలో ఏ దశలో ఉందో చూపించండి, దిద్దుకుంటాం అని తిరిగి రాశాం. దానికి జవాబు లేదు. అందుకే ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాం. ఆ కేంద్రం పేరు రాయడం లేదు. ఇక్కడ అడుగుతున్నవి ఏ ఒక్క కేంద్రమో సరిదిద్దుకుంటే తీరిపోయేవి కావు.

5 డిగ్రీల దగ్గర నిల్వ చేసే ఈ చల్లని వీర్యాన్ని మానేయమని మేము అడగడం లేదని ముందే చెబుతున్నాం. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంచే ఘనీకృత వీర్యం ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది, నిజమే. కానీ గడ్డకట్టి కరిగేలోపు వీర్యకణాల్లో దాదాపు సగం చచ్చిపోతాయి. అందుకే ఒక్కో మోతాదులో సాధారణంగా కోటిన్నర నుంచి రెండు కోట్ల కణాలు పెట్టవలసి వస్తుంది. చల్లని వీర్యానికి ఆ నష్టం లేదు. చాలా తక్కువ కణాలతో పని జరుగుతుంది, మేలైన ఆబోతు నుంచి ఒక్కసారి సేకరించింది ఎన్నో ఎక్కువ ఆవులకు సరిపోతుంది. గడ్డకట్టడాన్ని తట్టుకోలేని వీర్యమున్న ఆబోతులు కూడా అక్కరకు వస్తాయి. నత్రజని క్యాన్లు చేరని చోట్లకు ఇది చేరుతుంది. న్యూజిలాండ్‌లో చాలావరకు ఆవులకు వసంతంలో కొద్ది వారాల్లోనే గర్భధారణ చేయించాలి కాబట్టి, అక్కడ షానన్ అనే శాస్త్రవేత్త వీర్యాన్ని పలుచన చేయడానికి రూపొందించిన కాప్రోజెన్ ద్రావణంతో, మోతాదుకు 20 లక్షలు, అంతకన్నా తక్కువ కణాలతో దశాబ్దాలుగా పని నడిచింది. వాళ్లు దాన్ని 5 డిగ్రీల దగ్గర కాక గది వాతావరణానికి దగ్గరగా ఉంచారు. ద్రావణంలోకి నత్రజని వాయువు పంపి ప్రాణవాయువును వెళ్లగొట్టారు, హైడ్రోజన్ పెరాక్సైడును విరగ్గొట్టే కాటలేజ్ ఎంజైమును కలిపారు. అంటే ట్యూబులో కణానికి ఏ ప్రమాదం ఎటు నుంచి వస్తుందో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే గడువు పెట్టుకున్నారు. మన దగ్గర తిరగబడినది ఈ వరుసే. గడువు ముందే ఉంది. అది తేదీ రూపంలో, అన్ని ఆబోతులకూ ఒకే లెక్కన ఉంది.

ఆ గడువు ఎందుకు నమ్మదగినది కాదో, మీకు తెలిసిన శాస్త్రంతోనే చెబుతాం.

వీర్యకణం పొర ప్రధానంగా కొవ్వుతో, ప్రోటీన్లతో తయారైంది. ఒంటి వేడి దగ్గర ఆ కొవ్వు పారాడుతూ ఉంటుంది. ఉష్ణోగ్రత 20 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు దిగే దారిలో కొన్ని చోట్ల గట్టిపడుతుంది, కొన్ని చోట్ల ఇంకా మెత్తగానే ఉంటుంది. నిదానంగా దించితే పొర సర్దుకుంటుంది. తొందరపడి దించితే ఆ సందుల్లోంచి లోపలి పదార్థాలు బయటికి, బయటి కాల్షియం లోపలికి కారతాయి. దీన్నే శీతాఘాతం అంటారు. ఇది తగిలిన కణాలు గుండ్రంగా తిరుగుతాయి, వెనక్కి ఈదుతాయి, చాలావరకు నిలిచిపోతాయి. మళ్లీ వెచ్చబెట్టినా ఆ నష్టం పూడదు. ట్యూబును వీర్యమంత వెచ్చగా ఉన్న నీటి పాత్రలో నిలబెట్టి, పాత్రతో సహా చల్లని గదిలో పెట్టి, కొన్ని గంటల మీద 5 డిగ్రీలకు దించే పాత పద్ధతి ఇందుకే పుట్టింది. పని ఒత్తిడి ఉన్న రోజున ఆ నీటి పాత్రను పక్కన పెట్టి ట్యూబును నేరుగా ఫ్రిజ్‌లో పెడితే, ఆ రోజు రిజిస్టరులో ఏ తేడా కనబడదు. తేడా మా దగ్గర కనబడుతుంది.

గుడ్డు పచ్చసొన ఈ ఆఘాతం నుంచి కాపాడుతుందని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్స్, లార్డీ 1939-40లో చూపారు. 1941లో కార్నెల్‌లో సాలిస్‌బరీ బృందం అందులో సిట్రేట్ కలిపింది. సిట్రేట్ వల్ల పచ్చసొనలోని కొవ్వు బిందువులు విడిపోయి, సూక్ష్మదర్శిని కింద కణాలు స్పష్టంగా కనిపించడం మొదలైంది. కంటికి కనిపించే కదలికే నాణ్యత అనే అలవాటు కూడా అప్పుడే మొదలైందేమోనని నా అనుమానం. పచ్చసొన ఎలా కాపాడుతుందో చాలాకాలం తర్వాత మాంట్రియల్‌లో మంజునాథ్ బృందం వివరించింది. ఆబోతు వీర్య ద్రవంలోనే ఉండే కొన్ని ప్రోటీన్లు కణం పొరను అంటుకుని, కాలం గడిచేకొద్దీ అందులోని కొలెస్టరాల్‌ను, ఫాస్ఫోలిపిడ్‌లను లాగేస్తాయి. పచ్చసొనలోని తక్కువ సాంద్రత గల కొవ్వు ప్రోటీన్లు ఆ ప్రోటీన్లను పట్టేసుకుని పొరకు చేరనివ్వవు. అంటే సేకరించిన వీర్యం పలుచన ద్రావణంలో కలవకుండా బల్ల మీద ఉన్న ప్రతి నిమిషం పొర అరుగుతూనే ఉంటుంది. ఆ నిమిషాలను లెక్క రాస్తున్న కేంద్రాలు ఎన్ని?

రెండో ప్రమాదం చచ్చిన కణాల నుంచి వస్తుంది. పచ్చసొన ద్రావణంలో వీర్యకణాలు హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టిస్తాయని టోసిక్, వాల్టన్ 1946లోనే చూపారు. చచ్చిన కణాల్లోంచి వచ్చే ఒక ఎంజైము అమైనో ఆమ్లాలపై పనిచేసి ఈ విషాన్ని తయారుచేస్తుందని, అది బతికున్న కణాలను కూడా చంపుతుందని షానన్, కర్సన్ తర్వాత నిర్ధారించారు. పక్వమైన వీర్యకణంలో జీవద్రవ్యం దాదాపు లేదు, కొత్త ప్రోటీన్లు తయారుచేసుకోలేదు, దెబ్బతిన్న భాగాన్ని బాగుచేసుకోలేదు. పొరలోనేమో తేలిగ్గా ఆక్సీకరణకు గురయ్యే కొవ్వు ఆమ్లాలు దండిగా ఉన్నాయి. అందువల్ల మొదటి రోజు ట్యూబులో చచ్చిన కణాలు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టే మూడో రోజు బతికుండేవి ఎన్నో తేలుతుంది. సేకరించినప్పుడు కదిలేవాటి శాతం దాదాపు ఒకేలా ఉన్న రెండు ఆబోతుల వీర్యం రెండు రోజులకు రెండు దారులు పట్టడం ఇందువల్లనూ జరుగుతుంది.

ఇక అసలు చిక్కు. కదలిక కొన్ని రోజులు నిలుస్తుంది, ఫలదీకరణ శక్తి దానికంటే ముందే పడిపోతుంది. చల్లబరిచిన కణంలో కాల్షియం పెరిగి, ఆవు జననమార్గంలో జరగవలసిన పక్వ మార్పులు ట్యూబులోనే మొదలవుతాయి. అలాంటి కణం వెచ్చటి స్లైడు మీద చురుగ్గానే ఈదుతుంది. ఆవు లోపలికి వెళ్లాక ఎక్కువసేపు బతకదు. అండం విడుదలయ్యేది ఎద ముగిసిన 10-12 గంటలకు. తాజా కణాలు అక్కడ ఒక రోజు దాకా వేచి ఉండగలవు. మూడో రోజు ట్యూబులోని కణాలకు ఆ ఓపిక ఉండదు. ఉదయం ఎదలో కనిపించిన ఆవుకు సాయంత్రం, సాయంత్రం కనిపించిన ఆవుకు మర్నాడు ఉదయం అని మాకు నేర్పిన నియమం తాజా కణాల ఆయుష్షును నమ్ముకుని పెట్టింది. ట్యూబు వయసు తెలియకపోతే ఆ నియమాన్ని మేము ఎటు జరపాలి?

కణాల సంఖ్య పెంచితే సరిపోతుందని కొందరు అంటారు. కొన్ని లోపాలకు సరిపోతుంది. అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో సాకే అనే శాస్త్రవేత్త ఈ విభజన చేసి చాలా ఏళ్లయింది. అండం దాకా చేరలేని కణాల కొరతను సంఖ్యతో పూడ్చవచ్చు. అండాన్ని చేరి, ఫలదీకరించి, తనలోని దెబ్బతిన్న డీఎన్ఏతో పిండాన్ని నిలవనివ్వని కణం లోటును మాత్రం ఎన్ని కోట్లు పోసినా పూడ్చలేం. నిల్వలో ఆక్సీకరణ కొట్టే దెబ్బల్లో ఇదీ ఒకటి.

ప్రయాణం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే లోపం క్షేత్రస్థాయిలో ఉందన్న మాట సగం నిజం. ఐసుపెట్టె మూత తీస్తే ఏం కనిపిస్తుందో రాస్తాను. డీప్ ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన ఐసు ప్యాకు, దాని మీద తెల్లటి మంచు పొడి, దానికి ఆనుకుని వరుసగా ట్యూబులు. మధ్యలో అట్ట ముక్క కూడా ఉండదు. ఆ ప్యాకు మైనస్ 15, 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. వీర్యం సున్నాకు అర డిగ్రీ కిందికి వెళ్తే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. గడ్డకట్టినా కణాలు బతికేలా చేసే గ్లిజరాల్ గుణాన్ని 1949లో బ్రిటన్‌లో పోల్జ్, స్మిత్, పార్క్స్ బయటపెట్టాకే ఘనీకృత వీర్యం అనేది సాధ్యపడింది. 5 డిగ్రీల నిల్వ కోసం తయారైన ద్రావణంలో ఆ గ్లిజరాల్ సాధారణంగా ఉండదు. ప్యాకును ఆనుకున్న ట్యూబు అడుగున సన్నగా మంచు పలుకులు కడతాయి, మేము చేరేసరికి కరిగిపోతాయి. చూడటానికి అదే పాల రంగు, అదే చిక్కదనం. ఇంకో పెట్టెలో దీనికి తారుమారు: ఐసు ఎప్పుడో కరిగిపోయి, లోపల వెచ్చబడి, కూడలి దగ్గర ఎవరో కొత్త ఐసు వేస్తే మళ్లీ చల్లబడి ఉంటుంది. వెచ్చబడి చల్లబడటం కూడా కణానికి దెబ్బే. ఈ పెట్టెలను సర్దేది మేము కాదు. దారి పొడవునా వాటి ఉష్ణోగ్రతను ఎవరూ చూడటం లేదు.

అందిన చోట పరీక్షించి తిరస్కరించండి అనే సలహా కూడా విన్నాం. 5 డిగ్రీల దగ్గర మంచి కణం కూడా దాదాపు కదలదు. 37 డిగ్రీల వెచ్చటి పలక మీద కొన్ని నిమిషాలు ఉంచాకే అసలు కదలిక తెలుస్తుంది. వెచ్చటి పలక లేని సూక్ష్మదర్శినితో చూసి తీర్పు చెప్పమనడం మంచి ట్యూబులను పారేయించడానికే పనికొస్తుంది.

వీటన్నిటి భారం చివరికి ఎవరి మీద పడుతోందో చూడండి.

1. ఒక్క ఎద తప్పితే 21 రోజులు పోతాయి. రెండు తప్పితే 42. ఆ రోజులన్నీ ఆవు మేత తింటుంది, నీళ్లు తాగుతుంది, ఇంటి మనిషి శ్రమ తీసుకుంటుంది. వచ్చే ఈత అంత వెనక్కి జరుగుతుంది, ఈతకూ ఈతకూ మధ్య ఎడం పెరుగుతుంది, వట్టిపోయిన రోజులు పెరుగుతాయి. వంద ఆవుల డెయిరీకి ఇది లెక్కల పుస్తకంలో ఒక వరుస. ఒకటో రెండో ఆవులున్న ఇంటికి ఆ రోజుల్లో పాల ఆదాయమే ఉండదు. ఆ ఇంట్లో ఎవరు ఏ ఖర్చు వాయిదా వేసుకున్నారో మా రిజిస్టరులో రాయడానికి గడి లేదు.

2. నేరం ఆవు మీదికి పోతుంది. రెండు మూడుసార్లు చూడి నిలవక మళ్లీ ఎదకు వస్తే చాలు, దానికి గొడ్డుమోతు అనే పేరు పడుతుంది. గర్భకోశంలో ఏ జబ్బూ లేకపోయినా మందులు ఎక్కిస్తారు, ఆ తర్వాత అమ్మేస్తారు. అలా అమ్ముడైన ఆవు ఎక్కడికి వెళ్తుందో మీకూ తెలుసు. దానికి వాడినది మూడో రోజు సాయంత్రం ట్యూబు అని ఎవరూ చెప్పరు, చెప్పడానికి ట్యూబు మీద ఆ సంగతి ఉండదు.

3. దూరం ఉన్నవాళ్లకు పాత వీర్యం. కేంద్రానికి దగ్గరగా ఉన్నవారికి సేకరించిన రోజునే ట్యూబు అందుతుంది. బండి రెండు చోట్ల మారి వెళ్లే వాళ్లకు రెండో రోజు రాత్రికో, మూడో రోజుకో అందుతుంది. ఇద్దరికీ ఒకే పేరు గల ఆబోతు, ఒకే ముద్ర, ఒకే గడువు తేదీ. అందిన ఫలితం మాత్రం ఒకటి కాదు. ఇది అన్నిటికంటే అన్యాయమైనదని నా అభిప్రాయం. పశువు మీద ఎక్కువగా ఆధారపడి బతికేది చాలాసార్లు ఆ దూరాన ఉన్నవాళ్లే.

4. ఆబోతుకు చెడ్డపేరు. నిల్వలో చెడిన ట్యూబుల ఫలితాన్ని ఆబోతు ఖాతాలో వేస్తే, మేలైన జాతి లక్షణాలున్న యువ ఆబోతు పక్కకు పోతుంది.

5. రైతు తిరిగి ఊరి ఆబోతు దగ్గరికి వెళ్తాడు. ఎద సూది పని చేయడం లేదన్న మాట ఊళ్లో ఒకసారి పాకితే దాన్ని వెనక్కి తేవడం కష్టం. ఏ పరీక్షా లేని ఆబోతుతో దాటించినప్పుడు కాంపైలోబ్యాక్టర్, ట్రైకోమొనాస్ వంటి సూక్ష్మజీవుల వల్ల వచ్చే లైంగిక వ్యాధులు ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకు పోతాయి. వాటిని అరికట్టడం కృత్రిమ గర్భధారణ వ్యాపించడానికి ఒక ముఖ్య కారణం. నాణ్యత లేని ట్యూబు ఆ పని మొత్తాన్నీ వెనక్కి నెడుతోంది.

మా మాటకు విలువ పోవడం గురించి ఇక్కడ విడిగా రాయడం లేదు. అది మేము పడతాం.

మేము కోరుతున్నవి ఇవీ.

1. ప్రతి ట్యూబు మీద సేకరించిన తేదీతో పాటు గంట రాయండి. గడువును రోజుల్లో కాక గంటల్లో ఇవ్వండి, అదీ ఆబోతును బట్టి. ఒక ఆబోతు వీర్యం 72 గంటలు నిలిస్తే 72 అని, ఇంకోదానిది 36 గంటలకే తగ్గితే 36 అని రాయండి. 36 అని రాసిన ట్యూబును కూడా మేము సంతోషంగా తీసుకుంటాం, ఏ ఆవుకు ఎప్పుడు వాడాలో తెలుస్తుంది కాబట్టి. దీనికి కొత్త యంత్రం అక్కరలేదు, కలం చాలు. అందుకే మొదటి కోరికగా పెట్టాం.

2. బయలుదేరేటప్పుడు చేసే పరీక్ష ఒక్కటే చాలదు. ప్రతి సేకరణ నుంచి కొన్ని ట్యూబులను కేంద్రంలోనే అదే 5 డిగ్రీల దగ్గర ఉంచి, 24, 48, 72 గంటలకు పరీక్షించండి. కదలికను 37 డిగ్రీల దగ్గర ఒక్కసారి చూసి వదిలేయకుండా, అదే వేడిలో కొన్ని గంటలు ఉంచి మళ్లీ చూడండి. ఆవు లోపల ఎంతసేపు నిలుస్తుందో అంచనా వేయడానికి అదే దగ్గరి దారి. పొర చెక్కుచెదరకుండా ఉందో లేదో తెలియడానికి లవణ సాంద్రత తక్కువగా ఉన్న ద్రావణంలో తోకలు చుట్టుకుంటున్నాయో లేదో చూసే పరీక్ష ఉంది. సోడియం సిట్రేట్, ఫ్రక్టోజ్, వెచ్చటి నీటి తొట్టి ఉంటే అది జరిగిపోతుంది. ఇయోసిన్-నైగ్రోసిన్ రంగు వేసి చచ్చినవాటిని లెక్కపెట్టడం అంతకన్నా సులువు. డీఎన్ఏ దెబ్బను చూపే పరీక్షకు మాత్రం పెద్ద పరికరం కావాలి. ఈవెన్సన్ బృందం 1980లోనే దారి చూపిన ఆ పరీక్షను ప్రతి సేకరణకూ కాకపోయినా, ప్రతి ఆబోతుకూ నిర్ణీత కాలానికి ఒకసారి పెద్ద ప్రయోగశాలలో చేయించండి.

3. సేకరణకూ పలుచన చేయడానికీ మధ్య పట్టిన సమయం, అప్పటి ద్రావణం వేడి, 5 డిగ్రీలకు దించడానికి పట్టిన సమయం రిజిస్టరులో రాయండి. ఆ రిజిస్టరును అడిగినవారికి చూపించండి.

4. చచ్చిన కణాల శాతానికి పైహద్దు పెట్టండి. ఆ హద్దు దాటిన సేకరణను చల్లని నిల్వకు వాడకండి, ఆ ఆబోతు ఎంత గొప్పదైనా సరే. ట్యూబుల్లో గాలి మిగలకుండా అంచు దాకా నింపండి, వెలుతురు తగలనివ్వకండి.

5. ప్రతి రవాణా పెట్టెలో ఉష్ణోగ్రతను తనంతట తానే నమోదు చేసే చిన్న పరికరం పెట్టండి. టీకాల రవాణాలో ఇది మామూలు విషయమే. ఐసు ప్యాకులను కాసేపు బయట ఉంచి, పైన చెమ్మ పట్టాకే పెట్టెలో పెట్టాలని, ట్యూబులకూ ప్యాకులకూ మధ్య అడ్డు ఉండాలని పెట్టె సర్దేవారికి రాతపూర్వక ఆదేశం ఇవ్వండి. పరికరంలో సున్నా కిందికి గానీ, 10 డిగ్రీల పైకి గానీ వెళ్లినట్టు కనిపిస్తే ఆ పెట్టెను వెనక్కి పంపే అధికారం అందుకున్నవారికి ఉండాలి. ఆ నష్టం రైతు మీద గానీ, మా మీద గానీ పడకూడదు.

6. రవాణా వరుసను తిరగేయండి. ఉదయం సేకరించినది ముందు దూరపు దారులకు వెళ్లాలి. దగ్గరివారికి మధ్యాహ్నానికి ఇచ్చినా తాజాదే అందుతుంది.

7. ఫలితాన్ని సరైన కొలతతో కొలవండి. మళ్లీ ఎదకు రాలేదని నమోదైన ఆవులన్నిటినీ చూడి కట్టినవాటిగా లెక్కేసే పద్ధతిలో, అమ్ముడుపోయిన ఆవు కూడా చూడిదే అవుతుంది, చచ్చిపోయిన ఆవు కూడా చూడిదే అవుతుంది. చేయి పెట్టి గానీ స్కానింగుతో గానీ నిర్ధారించిన చూడులనే లెక్కలోకి తీసుకోండి. ఆ లెక్కను ఆబోతు వారీగా, ట్యూబు వయసు వారీగా విడదీసి ప్రతి మూడు నెలలకూ ప్రకటించండి. మేము రాసుకున్న వివరాలన్నీ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం.

8. చల్లని వీర్యానికి వ్యాధి పరీక్షల విషయంలో ఘనీకృత వీర్యం కంటే కఠినమైన నియమం ఉండాలి. ఘనీకృత వీర్యాన్ని ఆబోతు పరీక్షల ఫలితాలు వచ్చేదాకా ఆపి ఉంచవచ్చు. చల్లనిది ఆ ఫలితం రాకముందే ఆవులోకి వెళ్లిపోతుంది. కాబట్టి ఆబోతును ముందే, తరచుగా పరీక్షించాలి. ద్రావణంలో యాంటీబయాటిక్ ఉందన్నది దీనికి సమాధానం కాదు. 1940ల చివర్లో ఆల్మ్‌క్విస్ట్, 1950లో ఫుట్, బ్రాటన్ పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్‌ల మేలు చూపిన మాట నిజమే. కానీ చల్లబడ్డాక ఆ మందుల ప్రభావం తగ్గుతుంది, సూడోమొనాస్ వంటి సూక్ష్మజీవులు ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరగగలవు. మందు కలిపిన వెంటనే చల్లబరచకుండా, అది పనిచేయడానికి వెచ్చగా ఉన్నప్పుడే వ్యవధి ఇవ్వాలి. మందు కలిపాం కదా అని సేకరణలో శుభ్రత తగ్గితే మందులకు లొంగని సూక్ష్మజీవులను మనమే పెంచినట్టవుతుంది.

9. ఫిర్యాదు వస్తే ఆ సేకరణ నుంచి దాచిన ట్యూబును తీసి, ఫిర్యాదుదారు సమక్షంలో పరీక్షించి, వారం లోపల రాతపూర్వకంగా ఫలితం చెప్పాలి. ట్యూబుది తప్పని తేలితే ఆ రైతుకు తర్వాతి ఎదకు ఉచితంగా గర్భధారణ చేయించాలి. పోయిన 21 రోజులను అది తిరిగి ఇవ్వదు. కానీ తప్పు ఆవుది కాదని ఆ ఇంటికి తెలుస్తుంది.

ఇవన్నీ ఒకేసారి జరగవని మాకు తెలుసు. 1, 3, 6 కోరికలకు ఖర్చు దాదాపు లేదు, వచ్చే వారం నుంచే మొదలుపెట్టవచ్చు. 2, 5, 7లకు కొంత సమయం పడుతుందంటే ఒప్పుకుంటాం, ఎంత సమయమో చెప్పాలి. 4, 8 ప్రమాణాలు రాసే శాస్త్రవేత్తల చేతిలో ఉన్నాయి. హద్దు ఎంత ఉండాలన్నదానిపై మీలో మీకు అభిప్రాయ భేదాలు ఉండవచ్చు. హద్దే లేకపోవడం మాత్రం ఏ శాస్త్రానికీ అంగీకారం కాదు. 9 అధికారుల సంతకంతో అయ్యే పని.

మా వంతుగా అందుకున్న ప్రతి పెట్టె మూత తీసిన వెంటనే లోపలి ఉష్ణోగ్రతను కొలిచి రాయడం మొదలుపెడుతున్నాం. వాడిన ప్రతి ట్యూబుకూ ఆవు ఎదకు వచ్చిన సమయం, గర్భధారణ చేసిన సమయం, తర్వాత చూడి నిర్ధారణ రాసి, ఆ కాగితాల నకలు ప్రతి నెలా మీకు పంపుతాం. మా చేతుల్లో జరిగే తప్పులు అందులో కనిపిస్తే దాచం.

ఈ లేఖకు నెల రోజుల్లో రాతపూర్వక సమాధానం కోరుతున్నాం. ఆ గడువు దాటాక సేకరించిన గంట రాయని ట్యూబులను మేము అందుకోబోము, రవాణా చేసేవారి చేతనే వెనక్కి పంపుతాం. ఎందుకు వెనక్కి పంపామో రైతులకు మేమే చెబుతాం.

ఇట్లు,
తోటి కార్యకర్తల తరఫున,
ఒక కృత్రిమ గర్భధారణ కార్యకర్త